పల్లెలో బ్యాంకు నిలిస్తేనే యార్డులో రైతు నిలుస్తాడు

మిర్చి ధరకూ, గ్రామీణ పరపతికీ గల సంబంధంపై పరిశీలన

(వాణిజ్య విలేఖరి)

గుంటూరు: ఫిబ్రవరి మాసం వచ్చిందంటే గుంటూరు మిర్చి యార్డుకు తెల్లవారకముందే సరుకు రాక మొదలవుతుంది. పల్నాడు, ప్రకాశం, కర్నూలు ప్రాంతాల నుంచి, అటు తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన టిక్కీలు లారీల మీద నుంచి దిగుతూ ఉంటాయి. వర్తకుడు టిక్కీ విప్పించి, మచ్చు చేతిలోకి తీసుకుని, రంగు, ఆరుదల, తాలు చూసి ధర కడతాడు. తేజ రకానికి ఒక ధర, 334 రకానికి ఒక ధర, తాలుకు మరొక ధర. ఈ ధరవరలు పాఠకులు ఎప్పటికప్పుడు చూస్తున్నవే.

కాగా ధరవరల పట్టికలో చేరని ధర మరొకటి ఉన్నది. అది డబ్బు ధర, అనగా వడ్డీ. ఒకే రోజున, ఒకే రకం సరుకు, ఒకే ధరకు అమ్మిన ఇద్దరు రైతులు ఇంటికి తీసుకువెళ్లే మొత్తాలు ఒకటిగా ఉండవు. ఒకరు తన ఇష్టప్రకారం అమ్మినవారు. మరొకరు అమ్మక తప్పక అమ్మినవారు. రెండవ రైతు తన సరుకును ఎవరి కొట్టుకు తోలవలసినదీ జూలై, ఆగస్టు మాసాలలోనే, అనగా నాట్లు పడకముందే నిర్ణయమై పోయి ఉంటుంది. విత్తనానికీ, ఎరువుకూ అడ్వాన్సు ఇచ్చిన కమీషన్ వ్యాపారి కొట్టుకే పంట వెళ్లాలి. అందులో మోసం ఉన్నదని కాదు. అది ఆ అప్పుకు సంబంధించిన షరతు.

ఆ అడ్వాన్సు అక్కరలేకుండా చేయగలిగినది ఊళ్లోనో, పక్క ఊళ్లోనో ఉండే బ్యాంకు శాఖ, సహకార పరపతి సంఘం. అవి రైతుకు అందుబాటులో ఉన్నాయా లేవా అన్నది బ్యాంకింగ్ వ్యవహారం మాత్రమే కాదు. సరుకు ఎప్పుడు మార్కెట్‌కు వస్తుంది, ఒక్కసారిగా వచ్చి పడుతుందా, విడతలుగా వస్తుందా అన్నది కూడా దానిని బట్టే ఉంటుంది. ఆ కారణంగానే ఈ విషయాన్ని సరుకుల మార్కెట్ పుటలో చర్చించవలసి వస్తున్నది.

రెండు రూపాయల వడ్డీ లెక్క

మన ప్రాంతంలో ప్రైవేటు అప్పుకు వడ్డీని నూటికి నెలకు ఇంత అని చెబుతారు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయల వడ్డీ కూడా కద్దు. అది 36 శాతం అవుతుంది. బ్యాంకులో కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల రూపాయల వరకు స్వల్పకాలిక పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా చెల్లించినవారికి కేంద్ర ప్రభుత్వం మరి 3 శాతం రాయితీ ఇస్తున్నది. ఆ ప్రకారం నికరంగా పడేది 4 శాతం, అనగా నూటికి నెలకు 33 పైసలు. రెండు రూపాయలకూ, 33 పైసలకూ మధ్య ఉన్నది ఆరు రెట్ల తేడా.

ఉదాహరణకు ఒక లెక్క చూద్దాం. ఒక రైతు చేతిలో 30 క్వింటాళ్ల మిర్చి ఉన్నదనుకుందాం. మార్కెట్ ధర క్వింటాలుకు 12,000 రూపాయలు. కోత కూలీలకు, మందుల కొట్టు బాకీకి, పిల్లల ఫీజులకు తక్షణం 1,50,000 రూపాయలు కావాలి. సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టి నాలుగు నెలలు ఆగుదామని ఆయన తలంపు.

ఆ లక్షన్నర రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 3,000 చొప్పున నాలుగు నెలలకు 12,000 రూపాయల వడ్డీ అవుతుంది. దానిని 30 క్వింటాళ్లకు పంచితే క్వింటాలుకు 400 రూపాయలు. అంటే ధర కనీసం 400 పెరిగితే తప్ప ఆగినందుకు ఆయనకు ఏమీ మిగలదు. అదే మొత్తాన్ని 7 శాతానికి తెస్తే నాలుగు నెలల వడ్డీ 3,500 రూపాయలు. క్వింటాలుకు సుమారు 117 రూపాయలు. కోల్డ్ స్టోరేజీ అద్దె ఇద్దరికీ సమానమే గనుక దానిని పక్కన పెడదాం. నాలుగు నెలలకు ధర 300 రూపాయలు పెరిగిందనుకుంటే బ్యాంకు అప్పు తెచ్చిన రైతుకు 5,500 రూపాయలు మిగులుతాయి. ప్రైవేటు అప్పు తెచ్చిన రైతుకు 3,000 రూపాయలు నష్టం వస్తుంది. సరుకు ఒకటే, ధర ఒకటే, ఆగిన కాలం ఒకటే. తేడా అంతా అప్పు తెచ్చిన చోట ఉన్నది.

అవసరానికి సరిపడా అమ్మి మిగిలినది నిలువ చేసుకోవచ్చు గదా అని అడగవచ్చు. బాకీ లేని ఆసామికి అది సాధ్యమే. అడ్వాన్సు తీసుకున్న రైతుకు ఆ స్వేచ్ఛ తక్కువ. మే మాసంలో యార్డుకు వేసవి సెలవులు వస్తాయి. ఆలోగా అమ్ముకోవాలనే తొందర కూడా తోడై మార్చి, ఏప్రిల్ మాసాలలో సరుకు పోటెత్తుతుంది. రాక హెచ్చినపుడు ధర మెత్తబడడం మార్కెట్ సహజ గుణం. ఆ మెత్తదనంలో కొంత భాగం పంట వల్ల వచ్చినది కాదు, అప్పుల ఒత్తిడి వల్ల వచ్చినది.

నూటికి ఒక రూపాయి కూడా లేని రోజులు

గ్రామాలకు బ్యాంకులు వాటంతట అవి రాలేదు. 1951-52లో రిజర్వు బ్యాంకు తలపెట్టిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ప్రకారం దేశంలో రైతులు చేసిన అప్పులో వాణిజ్య బ్యాంకుల వాటా 0.9 శాతం మాత్రమే. సహకార సంఘాల వాటా 3.1 శాతం. వృత్తిగా వడ్డీ వ్యాపారం చేసేవారి వాటా 44.8 శాతం, వ్యవసాయం చేస్తూ అప్పులిచ్చే ఆసాముల వాటా 24.9 శాతం. దేశంలో సహకార పరపతి సంఘాల చట్టం 1904లోనే వచ్చినప్పటికీ, అర్ధ శతాబ్దం తరువాతి పరిస్థితి అది.

ఆ సర్వే నివేదిక ఫలితంగా 1955 జూలై 1న ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారింది. పల్లె ప్రాంతాలలో శాఖలు తెరవడం దాని విధులలో ఒకటి అయినది. 1969 జూలై 19న 14 పెద్ద బ్యాంకులు జాతీయం చేయబడ్డాయి. మచిలీపట్నంలో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1980 ఏప్రిల్ 15న జాతీయం చేయబడిన మరి ఆరు బ్యాంకులలో ఒకటి. 1969లో దేశం మొత్తం మీద 8,200 పైచిలుకు బ్యాంకు శాఖలుండగా గ్రామీణ శాఖలు రెండు వేల లోపే ఉండేవి.

1975 అక్టోబరు 2న దేశంలో మొదటి అయిదు గ్రామీణ బ్యాంకులు ప్రారంభమైనవి. మరుసటి సంవత్సరమే మన రాష్ట్రంలో ఖమ్మం కేంద్రంగా నాగార్జున గ్రామీణ బ్యాంకు, కడప కేంద్రంగా రాయలసీమ గ్రామీణ బ్యాంకు నెలకొన్నాయి. వీటిలో కేంద్ర ప్రభుత్వ వాటా 50 శాతం, రాష్ట్ర ప్రభుత్వ వాటా 15 శాతం, ప్రాయోజిత బ్యాంకు వాటా 35 శాతం. చిన్న, సన్నకారు రైతులు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవారు వీటి ఖాతాదారులుగా ఉద్దేశింపబడ్డారు. 1977లో రిజర్వు బ్యాంకు మరొక నిబంధన పెట్టింది. బ్యాంకు ఉన్న చోట ఒక కొత్త శాఖ తెరవాలంటే బ్యాంకు లేని చోట నాలుగు తెరవాలన్నది ఆ నిబంధన. 1990 వరకు అది అమలులో ఉన్నది. అప్పటికి గ్రామీణ శాఖల సంఖ్య సుమారు 35 వేలకు చేరింది.

ఈ విస్తరణ వల్ల ప్రయోజనం ఏమిటన్నది ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. రాబిన్ బర్జెస్, రోహిణీ పాండే 2005లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, బ్యాంకు లేని పల్లెలలో శాఖలు తెరవడం గ్రామీణ పేదరికం తగ్గడానికి తోడ్పడింది. అయితే ఇది ఖర్చు లేకుండా జరిగిన పని కాదు. ఆ రోజులలో మొండి బాకీలు పెరిగాయి. 1990లో 10 వేల రూపాయల వరకు అప్పులు రద్దు చేయబడ్డాయి. బ్యాంకుల ఆరోగ్యం దెబ్బతిన్నది. 1991 తరువాత సంస్కరణలలో లాభనష్టాల లెక్క ముందుకు వచ్చింది. కొత్త గ్రామీణ శాఖలు తెరవడం మందగించింది, ఉన్నవాటిలో కొన్ని మూతపడడమో, పక్క శాఖలో కలిసిపోవడమో జరిగింది. 2006 నాటికి గ్రామీణ శాఖలు దాదాపు 31 వేలకు తగ్గాయి. ఆ తరువాత తిరిగి పెరిగినప్పటికీ, పదిహేనేళ్ల పాటు పల్లె జనాభా పెరుగుతుండగా శాఖలు తగ్గడం గమనార్హం.

వీధిలో రెండు, ఊళ్లో సున్నా

ఇటీవలి కాలంలో బ్యాంకుల విలీనాలు వరుసగా జరిగాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. గ్రామీణ బ్యాంకుల విషయంలో ఒక రాష్ట్రానికి ఒకే బ్యాంకు అన్న విధానం వచ్చింది. 2025 జనవరి 1 నుంచి తెలంగాణలోని గ్రామీణ బ్యాంకు శాఖలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకు కిందకు వచ్చాయి. 2025 మే 1 నుంచి చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి, గ్రామీణ వికాస్ బ్యాంకుల శాఖలు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఏర్పడ్డాయి. దేశంలో గ్రామీణ బ్యాంకుల సంఖ్య 43 నుంచి 28కి తగ్గింది.

విలీనానికి అనుకూలమైన వాదన లేకపోలేదు. చిన్న బ్యాంకు ఒకే ప్రాంతపు వర్షం మీద, ఒకే పంట మీద ఆధారపడి ఉంటుంది. అక్కడ కరువు వస్తే బ్యాంకు కూడా కుంగుతుంది. రాష్ట్రమంతటికీ ఒకే బ్యాంకు అయితే రాయలసీమ నష్టాన్ని డెల్టా లాభం భరిస్తుంది. కంప్యూటర్ల ఖర్చు, పరిపాలనా ఖర్చు కలిసివస్తాయి. ఇది సబబైన వాదనే.

అయితే విలీనం తరువాత సహజంగా జరిగే పని ఒకటున్నది. ఒకే వీధిలో రెండు బ్యాంకుల శాఖలుండి, ఆ రెండూ ఒకే బ్యాంకు అయినపుడు, ఒకదానిని మూసివేయడం. అంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. మూసిన శాఖను, అందులోని సిబ్బందిని శాఖ లేని ఊరికి తరలించినపుడే గ్రామీణులకు మేలు జరిగినట్లు. అలా కాక ఆ ఖర్చు మిగులుగా లెక్కకెక్కితే, పట్టణపు వీధిలో ఒక బోర్డు తగ్గింది తప్ప పల్లెకు ఒరిగినదేమీ లేదు.

మరొక నష్టం లెక్కకు అందనిది. పాత గ్రామీణ బ్యాంకులలో చాలాకాలం ఒకే ప్రాంతంలో పనిచేసిన మేనేజరుకు ఏ పొలానికి నీరు అందుతుంది, ఏ రైతు మాట నిలబెట్టుకుంటాడు అన్నది తెలిసి ఉండేది. కాగితం మీద హామీ తక్కువైనా ఆ ఎరుకతో అప్పు ఇచ్చేవారు. రాష్ట్రమంతటా బదిలీలు జరిగే పెద్ద సంస్థలో ఆ ఎరుకను నిలుపుకోవడానికి వేరే ఏర్పాటు చేసుకోవలసి ఉంటుంది.

బ్యాంకు మిత్ర చేయగలిగినది, చేయలేనిది

శాఖ లేని చోట సేవ అందించడానికి రిజర్వు బ్యాంకు 2006 జనవరిలో బిజినెస్ కరస్పాండెంట్ల పద్ధతిని అనుమతించింది. వీరినే మన గ్రామాలలో బ్యాంకు మిత్రలు అంటున్నారు. కిరాణా కొట్టులోనో, ఇంటి వసారాలోనో చిన్న యంత్రం పెట్టుకుని, ఆధార్ సంఖ్య, వేలిముద్రలతో డబ్బు ఇస్తారు, జమ చేసుకుంటారు. ఈ పద్ధతిలో ఒక్కసారికి తీయగల మొత్తానికి పరిమితి 10,000 రూపాయలు.

ఈ సేవను తక్కువ చేసి చూడరాదు. మిర్చి కోతల కాలంలో రైతుకు ప్రతి వారమూ నగదు కావాలి. కోత కూలీలు దూర ప్రాంతాల నుంచి ముఠాలుగా వస్తారు. వారాంతంలో లెక్క చూసి చేతికి డబ్బు ఇవ్వాలి. దాని కోసం రైతు బస్సెక్కి మండల కేంద్రానికి వెళ్లి, వరుసలో నిలబడి, తిరిగి వచ్చేసరికి పనిదినం పోతుంది. కోతల వేళ పనిదినం పోవడమంటే కాయ చెట్టు మీదనో, కల్లంలోనో చూసేవారు లేక ఉండిపోవడం. ఊళ్లోనే నగదు దొరికితే ఆ నష్టం తప్పుతుంది. వృద్ధాప్య పింఛనుదారులకూ, ఉపాధి హామీ కూలీలకూ అంతే. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దు చేసినపుడు అనేక మార్కెట్ యార్డులలో కొద్దిరోజులు క్రయవిక్రయాలు స్తంభించిన సంగతి విదితమే. చెలామణిలో నోటు లేకపోతే సరుకు ఎంత ఉన్నా కదలదని ఆనాడు అందరికీ తెలిసివచ్చింది.

ఫోన్ ద్వారా చెల్లింపులు పల్లెలకూ పాకిన తరువాత నగదు అవసరం కొంత తగ్గింది. కానీ ఫోన్ ఉన్న డబ్బును కదిలిస్తుంది, లేని డబ్బును అప్పుగా తెచ్చిపెట్టదు. బ్యాంకు మిత్రదీ అదే పరిమితి. అప్పు దరఖాస్తు అందుకోగలడేమో గాని మంజూరు చేయలేడు. పంట రుణం తిరగరాయించుకోవాలంటే రైతు శాఖకే వెళ్లాలి. 2017 మే మాసంలో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధనల ప్రకారం రోజుకు కనీసం నాలుగు గంటల చొప్పున వారానికి అయిదు రోజులు ఒకే చోట పనిచేసే బ్యాంకు మిత్ర కేంద్రం కూడా బ్యాంకింగ్ కేంద్రంగానే లెక్కకు వస్తుంది. ఏడాదిలో తెరిచే కేంద్రాలలో పాతిక శాతం బ్యాంకు లేని గ్రామాలలో ఉండాలన్న నిబంధన కూడా అందులోనే ఉన్నది. లెక్కల వరకు మిత్ర కేంద్రమూ, శాఖా సమానమే. నగదు కోసం వచ్చిన కూలీకి కూడా సమానమే. అప్పు కోసం వచ్చిన రైతుకు మాత్రం సమానం కాదు.

ఇంకొక చిక్కు బ్యాంకు మిత్ర రాబడికి సంబంధించినది. లావాదేవీకి కొద్ది రూపాయల కమీషన్ మీద ఆయన బ్రతుకు. శాఖ నుంచి నగదు తెచ్చుకునే ప్రయాసా, దారిలో దానికి జవాబుదారీ కూడా ఆయనవే. సిగ్నల్ అందని రోజున పని ఉండదు. మట్టిలోనూ, మిరప కోతలోనూ అరిగిన వేళ్లకు ముద్ర పడక కూలీలు వెనుదిరిగిన రోజున కమీషన్ ఉండదు. గిట్టుబాటు కాక ఆయన మానుకుంటే, బోర్డు గోడకు ఉంటుంది, సేవ ఉండదు. పల్లెలో సేవను నిలపడమంటే మొదటగా ఆ సేవ చేసే మనిషికి గిట్టుబాటు కల్పించడం.

2014 ఆగస్టు 28న ప్రారంభమైన జన ధన యోజన కింద 2025 ఆగస్టు నాటికి 56 కోట్లకు పైగా ఖాతాలు తెరవబడ్డాయి. ఇది సామాన్యమైన విజయం కాదు. ఖాతా ఉండడం వల్ల ప్రభుత్వ సొమ్ము నేరుగా చేరుతున్నది. కానీ ఖాతా పొదుపుకూ, చెల్లింపుకూ దారి. పరపతికి దారి వేరుగా వేయవలసి ఉన్నది.

2010 నేర్పిన పాఠం

బ్యాంకు అప్పు అందని చోట ఖాళీ ఖాళీగా ఉండదు. మరొకరు వచ్చి నింపుతారు. 2000 తరువాతి సంవత్సరాలలో మన రాష్ట్రంలో సూక్ష్మ రుణ సంస్థలు అతివేగంగా విస్తరించాయి. ఇంటి ముందుకే వచ్చి అప్పు ఇచ్చేవారు, వారం వారం ఇంటి ముందుకే వచ్చి వసూలు చేసేవారు. ఒకే కుటుంబం మూడు, నాలుగు సంస్థల వద్ద అప్పు తీసుకోవడం, ఒకదాని వాయిదా కోసం మరొకదాని వద్ద చేయి చాచడం జరిగింది. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి, కొత్త అప్పులూ ఆగిపోయాయి.

ఈ ఉదంతంలో తప్పు ఎవరిదన్న చర్చ ఎలా ఉన్నా, వారం వాయిదా అన్నది పంట రైతుకు సరిపడదన్న విషయం స్పష్టమైనది. మిర్చి రైతుకు రాబడి ఏడాదికి ఒక్కసారి, మూడు నాలుగు నెలల వ్యవధిలో వస్తుంది. ఆ రాబడితో పొత్తు కుదరని అప్పు, వడ్డీ ఎంతైనా, సరుకును తొందరపెట్టి మార్కెట్‌కు తోలిస్తుంది. త్వరగా వచ్చిన పరపతి త్వరగానే వెళ్లిపోయింది. వెళ్లిన తరువాత చాలా ఊళ్లలో మిగిలినది పాత వడ్డీ వ్యాపారే.

దీనికి భిన్నమైన అనుభవం మహిళా పొదుపు సంఘాలది. 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా ప్రారంభించిన బ్యాంకు అనుసంధాన పథకం మన రాష్ట్రంలో బాగా వేళ్లూనుకున్నది. నెలనెలా తామే పొదుపు చేసి, తామే లెక్క చూసుకుని, ఆ పొదుపు ఆధారంగా బ్యాంకు నుంచి అప్పు పొందడం ఇందులోని పద్ధతి. 2004 తరువాత వచ్చిన పావలా వడ్డీ పథకం పేరు నేటికీ గ్రామాలలో వినిపిస్తుంది. పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం. ఈ సంఘాలు నిలిచాయంటే కారణం అప్పుకు ముందు పొదుపు ఉండడం, బ్యాంకు శాఖ వాటికి చేరువలో ఉండడం.

కౌలు రైతు కార్డు

జాతీయ నమూనా సర్వే సంస్థ 2019లో జరిపిన పరిశీలన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాలలో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం అప్పులలో ఉన్నాయి. దేశ సగటు 50.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కొక్క వ్యవసాయ కుటుంబానికి సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశం మొత్తం మీద చూస్తే వ్యవసాయ కుటుంబాల అప్పులో సుమారు 70 శాతం బ్యాంకులు, సహకార సంఘాలు మొదలైన సంస్థల నుంచి, 20 శాతం పైగా వడ్డీ వ్యాపారుల నుంచి వచ్చినది. 1951-52 నాటి లెక్కతో పోలిస్తే ఇది గొప్ప మార్పు.

అయితే ఈ సగటులో కౌలు రైతు కనబడడు. గుంటూరు, పల్నాడు ప్రాంతాలలో మిరప సాగు చేసేవారిలో కౌలుదారులు చాలామంది. పట్టా పుస్తకం భూయజమాని పేరిట ఉంటుంది. ఆ భూమి మీద ఆయన ముందే పంట రుణం తీసుకుని ఉంటే, అసలు సాగు చేసే కౌలు రైతుకు బ్యాంకు తలుపు తెరుచుకోదు. ఈ సమస్య పరిష్కారానికి 2011లో సాగుదారుల రుణ అర్హత కార్డుల చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. రెండవ చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం మీద కార్డు ఇస్తారు, దానికి యజమాని అంగీకారం కావాలి. భూమి హక్కుకు భంగం కలుగుతుందేమోనన్న శంకతో యజమానులు సంతకానికి వెనుకాడుతున్నారు. కార్డు వచ్చినవారికి కూడా అప్పు వచ్చి తీరుతుందన్న హామీ లేదు. 2025 జనవరి 1 నుంచి హామీ లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణ పరిమితి 1.60 లక్షల నుంచి 2 లక్షలకు పెంచబడినది. ఆ పెంపు కౌలు రైతుకు ఎంత మేరకు దక్కుతుందన్నది, ఆయన సాగును స్వయంగా చూసి ధ్రువీకరించగల మనిషి ఆ శాఖలో ఉన్నారా లేదా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది.

గిడ్డంగి రశీదు, దాని జాగ్రత్తలు

సరుకును నిలువ చేసి, ఆ రశీదుపై అప్పు తెచ్చుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కోల్డ్ స్టోరేజీ బాండ్లపై బ్యాంకులు అప్పులిస్తున్నాయి. గుంటూరు పరిసరాలలో వందకు పైగా కోల్డ్ స్టోరేజీలు ఉన్నందున 'ఏసీ సరుకు' అన్నది ధరవరలలో ఒక ప్రత్యేక తరగతి అయినది. చట్టపరంగా 2007లో గిడ్డంగుల చట్టం, 2010లో దాని నియంత్రణ సంస్థ, 2017లో ఎలక్ట్రానిక్ రశీదులు వచ్చాయి. గుర్తింపు పొందిన గిడ్డంగిలో సరుకు ఉంచిన చిన్న, సన్నకారు రైతుకు కిసాన్ కార్డుంటే, పంట రుణానికి వర్తించే రాయితీ వడ్డీకే ఆరు మాసాల వరకు అప్పు లభిస్తుంది. ఈ రశీదులపై ఇచ్చే అప్పులకు 2024 డిసెంబరులో కేంద్రం 1,000 కోట్ల రూపాయల నిధితో హామీ పథకం కూడా ప్రారంభించింది.

సదుపాయం ఉన్నప్పటికీ చిన్న రైతు చేతికి అది అందడం తక్కువ. ఇరవై, ముప్పై టిక్కీలకు వేరే రశీదు, వేరే బీమా, వేరే కాగితాలంటే గిడ్డంగికీ, బ్యాంకుకూ శ్రమ ఎక్కువ, రాబడి తక్కువ. అందుచేత నిలువ సదుపాయం వర్తకులకే ఎక్కువగా ఉపయోగపడుతున్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. ఆగినంత మాత్రాన ధర పెరిగి తీరుతుందని లేదు. 2023లో క్వింటాలు 20 వేలు దాటిన ధరలను చూసి మరుసటి సంవత్సరాలలో సరుకు నిలువ చేసినవారు దెబ్బతిన్నారు. కోల్డ్ స్టోరేజీలలో పాత సరుకు మిగిలి ఉండగానే కొత్త పంట వచ్చి, 2025 ప్రారంభంలో ధరలు పడిపోయాయి. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. పరపతి రైతుకు ఇచ్చేది లాభం కాదు, ఎప్పుడు అమ్మాలన్నది తానే నిర్ణయించుకునే వీలు. తక్కువ వడ్డీ అయితే అంచనా తప్పినా నష్టం తట్టుకోగలిగినంతలో ఉంటుంది. రెండు రూపాయల వడ్డీకి అంచనా తప్పితే మరుసటి పంట కూడా తాకట్టులోకి వెళ్తుంది.

చేయవలసినవి

ఇప్పటికే ఉన్న ఏర్పాట్లను సరిదిద్దుకుంటే చాలా వరకు ఫలితం ఉంటుంది.

మొదటిది, పంట రుణాల గడువు. గడువు దాటితే 3 శాతం రాయితీ పోతుంది. ఆ భయంతో రైతు నాలుగు రోజులకు ప్రైవేటు అప్పు తెచ్చి, బ్యాంకుకు కట్టి, తిరిగి కొత్త రుణం తీసుకుని ఆ అప్పు తీర్చడం పల్లెలలో అందరికీ తెలిసిన వ్యవహారం. ఆ నాలుగు రోజుల వడ్డీ రాయితీలో కొంత తినేస్తుంది. అప్పు దొరకనివారు సరుకు అమ్మేస్తారు. మిర్చి వంటి పంటలకు గడువును యార్డుకు సరుకు పోటెత్తే మాసాల నుంచి కొద్దిగా ముందుకు జరిపితే ఈ రెండు నష్టాలూ తగ్గుతాయి.

రెండవది, ప్రాథమిక సహకార పరపతి సంఘాలు. 1987లో మన రాష్ట్రంలో వచ్చిన ఏకగవాక్ష పద్ధతితో స్వల్పకాలిక, దీర్ఘకాలిక అప్పులు ఒకే సంఘంలో దొరికే ఏర్పాటు జరిగింది. దేశంలోని 63 వేల సంఘాలను కంప్యూటరీకరించడానికి 2022 జూన్‌లో కేంద్రం 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. సంఘానికి ఎరువుల గిడ్డంగి ఉన్నది, సభ్యుల జాబితా ఉన్నది, గ్రామంలో పరిచయం ఉన్నది. చిన్న రైతుల టిక్కీలను సంఘం పేరిట ఒక్కటిగా కోల్డ్ స్టోరేజీకి చేర్చి, ఒకే రశీదుపై అప్పు తెచ్చి సభ్యులకు పంచగలిగితే, కాగితాల శ్రమ అన్న అడ్డంకి తొలగుతుంది.

మూడవది, బ్యాంకు మిత్ర కేంద్రాలు. వారంలో ఒక నిర్ణీత రోజున శాఖ అధికారి ఆ కేంద్రానికి వచ్చి రుణాల తిరగరాత, కొత్త దరఖాస్తుల పని చూస్తే, శాఖ లేని ఊరికి శాఖ ప్రయోజనం చాలా వరకు అందుతుంది. మిత్రకు కమీషన్‌తో పాటు నెలకు కొంత స్థిరమైన మొత్తం ముట్టాలి.

నాలుగవది, విలీనాల వల్ల మిగిలిన సిబ్బంది, ఖర్చు ఎక్కడికి పోతున్నవన్న లెక్క. జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశాలలో ప్రతిసారీ రుణ లక్ష్యాల అంకెలు చదవబడుతున్నవి. మూసిన శాఖలు ఎన్ని, వాటికి బదులు ఏ ఊళ్లో ఏమి తెరిచారు అన్న అంకెలను కూడా వాటి పక్కన చదవడం సమంజసం.

కమీషన్ వ్యాపారిని ఈ చిత్రం నుంచి తొలగించాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అర్ధరాత్రి ఆస్పత్రి ఖర్చుకు అడిగినా కాదనకుండా ఇచ్చేది ఆయనే అని రైతులే చెబుతారు. కాగితం అడగడు, రేపు రమ్మనడు. బ్యాంకులు ఆయన నుంచి నేర్చుకోవలసినది ఆ చేరువతనమే. రైతుకు రెండు తలుపులూ తెరిచి ఉన్నపుడు వ్యాపారి వడ్డీ కూడా దానంతట అదే తగ్గుతుంది. ఒక్క తలుపే ఉన్న చోట ఆయన చెప్పినదే వడ్డీ, ఆయన కొట్టులో పలికినదే ధర.

వచ్చే సీజనులో యార్డుకు ఎన్ని టిక్కీలు వస్తాయన్న అంచనాలు వర్తక వర్గాలు ఎప్పటిలాగే వేస్తాయి. సాగు విస్తీర్ణం, తెగుళ్లు, ఎగుమతి గిరాకీ, కోల్డ్ స్టోరేజీలలో పాత నిలువలు లెక్కలోకి తీసుకుంటాయి. వాటితో పాటు, ఆ టిక్కీలలో ఎన్ని రైతు ఇష్టంతో వచ్చినవి, ఎన్ని బాకీ కోసం వచ్చినవి అన్నది కూడా లెక్కకు రావాలి. ఆ నిష్పత్తి మారాలంటే యార్డులో కాదు, ఊళ్లోని బ్యాంకు శాఖలోనూ, సహకార సంఘంలోనూ మార్పు మొదలు కావలసి ఉన్నది.